థీమ్ పార్కుకి ఒక్కరే వెళ్తే ఏం కలిసొస్తుంది, ఏం పోతుంది

సినిమాకి ఒక్కరే వెళ్లడం మన దగ్గర ఎప్పుడో మామూలైపోయింది. మార్నింగ్ షోకి ఒక టికెట్ తీసుకుని మూల సీట్లో కూర్చుంటే ఎవరూ తల తిప్పి చూడరు. గుడికి ఒక్కరే వెళ్తే భక్తి అంటారు, లైబ్రరీకి వెళ్తే బుద్ధిమంతుడంటారు. అదే మనిషి సెలవు పెట్టి మరీ రావిర్యాల వండర్‌లాకి ఒక్కడే వెళ్లొచ్చానని చెబితే మాత్రం ఎదుటివాళ్ల మొహంలో ముందు ఆశ్చర్యం, ఆ వెంటనే జాలి కనిపిస్తాయి, ఇంట్లోనో ఆఫీసులోనో ఏదో తేడా కొట్టి ఉంటుందని. "ఫ్రెండ్సెవరూ రాలేదా?" అన్న ప్రశ్న ఎలాగూ తప్పదు. ఒంటికాయ శొంఠికొమ్ములా వెళ్లి జెయింట్ వీల్ ఎక్కడమేంటి అన్నది మనవాళ్ల లెక్క, ఎందుకంటే తిరునాళ్లలో రంగులరాట్నం దగ్గర్నుంచి నాంపల్లి నుమాయిష్ దాకా ఇలాంటివన్నీ ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే చోట్లే.

తమాషా ఏంటంటే, పార్కులు కట్టినవాళ్ల లెక్క కూడా అదే. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్లిద్దరూ రంగులరాట్నం తిరుగుతుంటే తాను బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ చూడాల్సి వచ్చేదని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టిందని వాల్ట్ డిస్నీ చెప్పుకునేవాడు. 1955 జులై 17న అనాహైమ్‌లో డిస్నీలాండ్ తెరుచుకుంది. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడ పార్కు కట్టినా దాదాపు ఇదే కొలత: వరుసకి రెండు సీట్లు, తెప్పకి నలుగురో ఆరుగురో, గుంపులకి టికెట్లో తగ్గింపు, నలుగురు కూర్చునే టేబుళ్లు. ఒక్కరే వచ్చిన మనిషి ఈ భాగహారంలో మిగిలిన శేషం లాంటివాడు. అతనికి దొరికే లాభమూ, తగిలే ఇబ్బందీ రెండూ ఈ శేషం కావడం నుంచే వస్తాయి. అందుకే "ఒక్కరే వెళ్లొచ్చా" అన్న ప్రశ్నకి జవాబు మనిషి స్వభావంలో కన్నా ఆ శేషాన్ని పార్కు ఏం చేస్తుందన్న దాంట్లో ఎక్కువగా ఉంటుంది.

లాభం ఎక్కడుందో ముందు చూద్దాం. 24 సీట్ల రోలర్ కోస్టర్, వరుసకి రెండు సీట్లు అనుకోండి. ముగ్గురు స్నేహితులు వస్తే రెండు వరుసలు తీసుకుంటారు, ఒక సీటు ఖాళీ. ఐదుగురు వస్తే మూడు వరుసలు, మళ్లీ ఒకటి ఖాళీ. ఇలా ఒక్కో ట్రిప్పుకి మూడు సీట్లు ఖాళీగా పోతే ఎనిమిదో వంతు గాలికి తిరిగినట్టే. గంటకి ఎంతమందిని తిప్పగలిగామన్నది పార్కు నడిపేవాళ్లకి ప్రాణం లాంటి లెక్క, ఎందుకంటే అక్కడ తగ్గిన ప్రతి సీటూ బయట క్యూలో తోకగా పెరుగుతుంది. ఆ ఖాళీలు నింపడానికే సింగిల్ రైడర్ లైను పెడతారు. "నన్ను ఎవరి పక్కనైనా కూర్చోబెట్టండి, పర్లేదు" అనేవాళ్లు ఆ లైన్లో నిలబడతారు, మెయిన్ క్యూలో బేసి సంఖ్య వచ్చినప్పుడల్లా అందులోంచి ఒకరిని పిలుస్తారు. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, టెస్ట్ ట్రాక్ అనే రైడ్లకి ఈ లైను ఉంది. ఓర్లాండో యూనివర్సల్‌లో 2019లో మొదలైన హాగ్రిడ్ మోటార్‌బైక్ రైడ్‌కీ ఉంది, అక్కడైతే బైకు మీద ఒకరు, పక్క తొట్టిలో ఒకరు, అంటే జంటలకే కొలిచి కుట్టినట్టుంటుంది కాబట్టి శేషం ఇంకా ఎక్కువ తేలుతుంది. మెయిన్ క్యూ గంటన్నర చూపిస్తున్నప్పుడు సింగిల్ లైను ఇరవై, ముప్పై నిమిషాల్లో కదిలిపోయే రోజులుంటాయి.

దీని విలువ తెలియాలంటే పక్కన ఉన్న, డబ్బు కట్టి తొందరగా వెళ్లే లైను వైపు చూడాలి. డిస్నీ 1999లో క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ పెట్టినప్పుడు అది ఉచితం. 2021లో దాన్ని పూర్తిగా ఎత్తేసి లైట్నింగ్ లేన్ పేరుతో డబ్బులు కట్టించుకోవడం మొదలుపెట్టారు. యూనివర్సల్ ఎక్స్‌ప్రెస్ పాస్ రద్దీ రోజుల్లో ఒక్కోసారి టికెట్ ధరని కూడా దాటిపోతుంది. అలాంటి చోట ఒక్కరే రావడమన్నది జేబులోంచి రూపాయి తీయకుండా దొరికే పాస్. కుటుంబంతో వెళ్లినవాళ్లు కూడా కొన్నిసార్లు విడిపోయి ఈ లైన్లో దూరుతారు, పెద్దపిల్లలున్న ఇళ్లలో ఇది బాగా తెలిసిన చిట్కా. అందరూ అదే చేసిన రోజు లైను కూడా మెయిన్ క్యూలాగే తయారవుతుంది, అది వేరే సంగతి.

ఈ పాస్‌కీ మెలికలున్నాయి. సింగిల్ లైన్లో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, సరిసంఖ్య గుంపులే వరుసగా వస్తే అక్కడే కొయ్యబారి నిలబడాలి. సీటు ఎంచుకునే వీలుండదు, ముందు వరుస మీద ఆశ పెట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈమధ్య కట్టిన రైడ్లలో క్యూ కూడా షోలో భాగమే. యూనివర్సల్‌లో హ్యారీ పాటర్ ఫర్‌బిడెన్ జర్నీకి మామూలు క్యూలో నిలబడితే హాగ్వార్ట్స్ కోట గదులన్నీ, మాట్లాడే పటాలతో సహా చూసుకుంటూ వెళ్తారు, సింగిల్ లైను మాత్రం అందులో చాలా భాగాన్ని పక్కన పెట్టి అడ్డదారిన తీసుకెళ్తుంది. డిస్నీ వాళ్ల మిలీనియం ఫాల్కన్ రైడ్‌లో, అంటే స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష నౌకలో, ఆరుగురికి మూడు పనులు: ఇద్దరు నడుపుతారు, ఇద్దరు కాలుస్తారు, ఇద్దరు వెనక కూర్చుని రిపేరు చేస్తారు. సింగిల్ లైన్లో వచ్చినవాళ్లకి ఏ పని దొరుకుతుందో ఊహించడం కష్టమేం కాదు. పెళ్లి భోజనంలో ఆఖరి బంతిలో కూర్చున్నట్టు, మిగిలిందే వడ్డిస్తారు.

ఇదంతా అమెరికా సంగతి. మన పార్కుల్లో ప్రత్యేకంగా సింగిల్ రైడర్ లైను అనే ఏర్పాటు మామూలుగా కనిపించదు. కొచ్చిలో వీగాలాండ్‌గా 2000లో మొదలై, 2005లో బెంగళూరుకి, 2016లో హైదరాబాద్‌కి వచ్చిన వండర్‌లాలో అదనపు డబ్బుతో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ దొరుకుతుంది, అది ఒక్కరికైనా పదిమందికైనా ఒకటే లెక్క. అక్కడి రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ దగ్గర ఖాళీ సీటు మిగిలితే ఆపరేటర్ "సింగిల్ ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తే అదృష్టం, లేకపోతే అందరితో పాటే. అంటే ఓర్లాండోలో ఒక్కరే వెళ్లినవాళ్లకి ఉన్న అతిపెద్ద లాభం ఇక్కడ సగానికి సగం ఎగిరిపోతుంది. పైగా వాటర్ స్లైడ్లలో ఇద్దరూ నలుగురూ కూర్చునే ట్యూబులు, తెప్పలు ఉంటాయి, తగినంత బరువు లేకపోతే వాటిని వదలరు కాబట్టి ఒక్కరే వచ్చిన మనిషి పక్కన నిలబడి ఎవరితోనో జత కుదిరేదాకా ఆగాలి. రద్దీ లేని మంగళవారం వెళ్తే క్యూ ఉండదు నిజమే, ఒక్కోసారి రైడ్ నడపడానికి సరిపడా మనుషులూ ఉండరు.

మన దగ్గర మిగిలే లాభం ఇంకొకటుంది, అది చిన్నదేం కాదు. గుంపుతో వెళ్లినప్పుడు క్యూల కన్నా నిర్ణయాలకే ఎక్కువ టైమ్ పోతుంది. ఒకడికి కళ్లు తిరుగుతాయి, ఇంకొకడికి ఆకలి, ఒకరు ఫోటోల దగ్గర ఆగిపోతారు, ఒకరు ఫోన్లో మాట్లాడుతూ ఎటో వెళ్లిపోతారు, వాళ్లని వెతకడానికి ఇంకొకరు వెళ్తారు, తర్వాత ఇద్దరినీ వెతకాలి. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు. ఒక్కరే ఉంటే కాళ్లు ఎటు తీసుకెళ్తే అటే, నచ్చిన రైడ్ నాలుగుసార్లు ఎక్కినా అడిగేవాళ్లు లేరు, చిన్నపిల్లల రైలు ఎక్కాలనిపించినా సరే. గుంపుతో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పట్టే పార్కు ఒక్కరికి మధ్యాహ్నం మూడింటికల్లా అయిపోవచ్చు. కానీ రోజంతటికీ కలిపి అమ్మే టికెట్ కొన్నాక పైసా వసూల్ అవ్వాలన్న పట్టుదల మనకి పుట్టుకతోనే వస్తుంది కాబట్టి, అయిపోయాక కూడా గేటు దాటి రావడానికి మనసొప్పదు. విదేశీ పార్కుల్లో ఏడాది పాస్ ఉన్న స్థానికులకి ఈ బాధ లేదు. ఆఫీసు అయ్యాక వచ్చి రెండు రైడ్లు ఎక్కి వెళ్లిపోతారు, వాళ్లకి అది మనకి ట్యాంక్‌బండ్ లాంటిది.

ఇప్పుడు క్యూ గురించి అసలు చిక్కు. డేవిడ్ మైస్టర్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ 1985లో, మనుషులు లైన్లలో ఎలా ఓర్చుకుంటారన్న దాని మీద ఒక వ్యాసం రాశాడు. హోటళ్లూ బ్యాంకులూ నడిపేవాళ్లు ఇప్పటికీ దాన్ని తిరగేస్తుంటారు. అందులో రెండు మాటలు ఇక్కడ పనికొస్తాయి: ఊరికే నిలబడిన టైమ్ ఏదో పనిలో ఉన్న టైమ్ కన్నా పొడుగ్గా అనిపిస్తుంది, ఒంటరిగా నిలబడితే గుంపులో నిలబడిన దానికన్నా పొడుగ్గా అనిపిస్తుంది. అంటే గడియారంలో ఆదా చేసిన టైమ్‌ని మనసు వెనక్కి లాగేసుకుంటుంది. నలుగురు కలిసి గంట నిలబడితే కబుర్లలో అరగంటలా పోతుంది, ఒక్కరు అరగంట నిలబడితే గంటలా ఉంటుంది. సింగిల్ లైను ఉన్న చోట ఈ తూకం ఒంటరి మనిషి వైపే మొగ్గుతుంది, లేని చోట మొగ్గదు. ఫోన్ చూసుకోవచ్చు కదా అంటారేమో, బొట్లుబొట్లుగా నీళ్లు కారుతున్న బట్టలతో నిలబడే వాటర్ స్లైడ్ క్యూలో ఫోన్ ఉండదు, అది లాకర్లో ఉంటుంది. క్యూలో ముప్పావు గంట గడిచాక బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే? "అన్నా, కొంచెం నా ప్లేసు చూడండి" అని ముందున్న తెలియని కుటుంబాన్ని బతిమాలుకోవాలి. చాలామంది సరేనంటారు. తిరిగొచ్చి జనాన్ని దాటుకుంటూ ముందుకెళ్లేటప్పుడు వెనకాల నిలబడినవాళ్లు అంత మంచిగా ఉండకపోవచ్చు.

రైడ్ మీద ఆనందం తగ్గుతుందా అన్నది ఇంకో ప్రశ్న. 2014లో ఎరికా బూత్‌బీ, మార్గరెట్ క్లార్క్, జాన్ బార్గ్ చేసిన ప్రయోగంలో ఇద్దరు ఒకేసారి ఒకే చాక్లెట్ తింటే, ఒక్క మాట మాట్లాడుకోకపోయినా, మంచి చాక్లెట్ ఇంకా రుచిగా అనిపించింది. ఇది చూసి ఒంటరిగా వెళ్తే నష్టమే అనుకోవచ్చు. అదే పరిశోధనలో చేదు చాక్లెట్ కూడా పక్కన మనిషి ఉంటే ఇంకా చేదుగా తగిలింది. అంటే తోడు ఉప్పు లాంటిది కాదు, లౌడ్ స్పీకర్ లాంటిది, ఏది పెడితే దాన్నే పెంచుతుంది. మే నెల ఎండలో, రద్దీలో, ఒకడు మొహం ముడుచుకున్న గుంపుతో తిరిగినవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు. ఒంటరిగా ఉంటే ఆనందం కాస్త చప్పబడుతుంది, చిరాకూ అంతే చప్పబడుతుంది. మన వైపు రైడ్లలో ఇంకో మినహాయింపు కూడా ఉంది: ఇక్కడ రోలర్ కోస్టర్ మొదలయ్యాక తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అన్న తేడా ఉండదు, రైలు మొత్తం కలిసే అరుస్తుంది. ఆ ఒక్క నిమిషం ఎవరూ ఒంటరి కారు, కిందకి దిగాకే మళ్లీ అవుతారు.

జనం ఏమనుకుంటారో అన్న బెరుకు గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో థామస్ గిలోవిచ్ బృందం కాలేజీ విద్యార్థులకి సిగ్గేసే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి నలుగురున్న గదిలోకి పంపింది. సగం మందైనా గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు, గమనించింది దాదాపు నాలుగో వంతు మంది. 2015లో రెబెక్కా రాట్నర్, రెబెక్కా హామిల్టన్ ఒంటరి వినోదాల మీదే నేరుగా చేసిన పరిశోధనలో, ఆర్ట్ గ్యాలరీకి ఒక్కరే వెళ్తే బాగుండదని ముందు అనుకున్నవాళ్లు కూడా వెళ్లొచ్చాక తోడుతో వెళ్లినవాళ్లంతే ఆనందించారు. గ్యాలరీలో పది నిమిషాలకీ పార్కులో రోజంతటికీ తేడా ఉందనుకోండి. జపాన్‌లో అయితే ఒంటరి కస్టమర్‌కి "ఒహితోరిసామా" అని మర్యాదగా ఒక పేరే ఉంది. ఒసాకా యూనివర్సల్‌లో, టోక్యో డిస్నీసీలో సింగిల్ లైన్లు ఉండటం అక్కడ ఎవరికీ వింతగా తోచదు.

బెరుకు కన్నా బ్యాగు పెద్ద సమస్య. మన గుంపుల్లో రైడ్లంటే భయపడే ఒక అత్తయ్యో, నడుం నొప్పి ఉన్న బాబాయో తప్పకుండా ఉంటారు, వాళ్లే బెంచీ మీద కూర్చుని అందరి చెప్పులు, కళ్లజోళ్లు, పర్సులు, తడి తువ్వాళ్లు కాస్తుంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లిన తల్లిదండ్రులు ఓర్లాండోలో చేసే పని కూడా ఎక్కువగా ఇదే (పాపం, వాల్ట్ డిస్నీ ఏ బెంచీ వద్దనుకున్నాడో సరిగ్గా దాని మీదే). ఒంటరిగా వెళ్లినవాళ్లకి ఆ బెంచీ మనిషి లేడు. యూనివర్సల్‌లో కొన్ని కోస్టర్లకి జేబులో ఏదీ ఉండనివ్వరు, వెలాసికోస్టర్ దగ్గర మెటల్ డిటెక్టర్ దాటాలి, అయితే చిన్న లాకర్ కాసేపటి వరకు ఉచితం. ఇక్కడ లాకర్ అద్దెకి తీసుకుంటే అది గేటు దగ్గరో వాటర్ రైడ్ల దగ్గరో ఒక చోటే ఉంటుంది, నీళ్ల బాటిలుకి ఒకసారి, ఫోన్‌కి ఒకసారి అటూ ఇటూ నడవాలి. కళ్లజోడు లేకపోతే కనపడనివాళ్లకి ఇది నిజంగా తలనొప్పి. ఒక్కరే వెళ్లేవాళ్లు నడుముకి కట్టుకునే జిప్ బెల్టు, కళ్లజోడుకి తాడు, మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్ తీసుకెళ్తే సగం గొడవ వదులుతుంది. తాడూ పౌచూ కొన్ని రైడ్లలో తీసేయమంటారు, ముందే అడిగి చూసుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో లెక్క వేరుగా వేయాలి, ఇక్కడ సర్దిచెప్పి లాభం లేదు. నీళ్లు లేని డ్రై రైడ్ల దగ్గర పెద్ద తేడా లేకపోవచ్చు, తెలియని మగవాళ్ల పక్కన కూర్చోవడం ఇష్టం లేదని ఆపరేటర్‌కి చెబితే సర్దుబాటు చేయడం కష్టమేం కాదు. వేవ్ పూల్, రెయిన్ డాన్స్ లాంటి చోట్లే అసలు ఇబ్బంది, నడుంలోతు నీళ్లలో ఒత్తిడిగా జనం, గట్టిగా పాటలు, ఎవరి చెయ్యో తెలియదు. గుంపుతో వెళ్తే చుట్టూ ఒక వలయం ఉంటుంది, ఒక్కరికి ఉండదు. ఆదివారం, పండగ సెలవులు వదిలేసి మామూలు రోజు వెళ్లడం, లైఫ్‌గార్డ్ కళ్ల ముందే ఉండటం, ఆడవాళ్లకి విడిగా కేటాయించిన భాగం ఉంటే అక్కడికే వెళ్లడం తప్ప వేరే దారి లేదు. ఇది ఒంటరి మనిషి తప్పు కాదు, నష్టం మాత్రం వాళ్లదే.

మగవాళ్లకి వేరే రకం గేటు అడ్డుపడుతుంది. మన దగ్గర కొన్ని వాటర్ పార్కులూ రిసార్టులూ స్టాగ్ ఎంట్రీ లేదని బోర్డు పెడతాయి, అంటే ఆడవాళ్లు గానీ కుటుంబం గానీ తోడు లేని మగవాళ్లని రానివ్వరు. వేవ్ పూల్ సమస్యకి పార్కులు కనుక్కున్న సులువైన మందు ఇది, మంచివాళ్లకి కూడా అదే డోసు. వేరే దేశాల్లోనూ ఇలాంటివి లేకపోలేదు, లెగోలాండ్ డిస్కవరీ సెంటర్లలో పిల్లలు వెంట లేని పెద్దవాళ్లకి మామూలు రోజుల్లో ప్రవేశం లేదు, పెద్దలకోసం విడిగా రాత్రులు పెడతారు. డిస్నీ వరల్డ్‌లో దీనికి తలకిందులు: 14 ఏళ్లు నిండితే చాలు, ఒక్కరే లోపలికి వెళ్లొచ్చు. ఏదేమైనా టికెట్ కొనేముందు రూల్స్ పేజీ చదవడం ఒంటరిగా వెళ్లేవాళ్లకి చాలా అవసరం.

డబ్బు లెక్క తొందరగా తేల్చేయొచ్చు. టికెట్ తలకింత కాబట్టి, గుంపులకిచ్చే తగ్గింపు వదిలేస్తే, తేడా లేదు, పంచుకోవాల్సినవన్నీ భారం. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దాకా క్యాబ్, ఓర్లాండోలో హోటల్ గది, కారు పార్కింగ్, ఇవి ఒక్కరికైనా నలుగురికైనా ఒకటే. తిండి దగ్గర కాస్త కలిసొస్తుంది. డిస్నీ వరల్డ్‌లో బయటి తిండి తెచ్చుకోనిస్తారు కాబట్టి డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్లినా అడ్డు చెప్పరు. వండర్‌లాలో బయటి తిండి కుదరదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. గుంపులో ఉంటే రైడ్‌కీ రైడ్‌కీ మధ్య ఏదో ఒక ఆలస్యం తప్పదు, శరీరం ఈలోగా సర్దుకుంటుంది. ఒక్కరే ఉంటే ఆపేవాళ్లు లేక తలకిందులుగా తిప్పే రైడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తారు, నీళ్లు తాగరు, మధ్యాహ్నం తినరు. కళ్లు తిరిగి కూలబడితే ఫోన్ లాకర్లో, ఎవరికి చెప్పాలో పక్కవాళ్లకి తెలియదు. బీపీ, గుండె, మెడ సమస్యలున్నవాళ్లు ఎక్కొద్దన్న బోర్డుని గుంపులో అయితే ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. ఆ తర్వాత చీకటిపడే వేళ ఔటర్ మీద ఒక్కరే కారు నడుపుకుంటూ రావడం ఇంకో సంగతి.

ఇలాంటి ఇబ్బందులు చాలావరకు లేని చోటు, విచిత్రంగా, రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైన ఆ చోటు 1,666 ఎకరాలతో గిన్నిస్‌కెక్కింది, నడిచి తిరిగేది కాదు. బస్సుల్లో గైడ్‌తో తిప్పుతారు, షోలకి గ్యాలరీల్లో కూర్చోబెడతారు. అక్కడ ఒక్కరే వెళ్లినా బస్సెక్కగానే ఒక గుంపులో భాగమైపోతారు, నలుగురితో నారాయణ. బ్యాగు ఒళ్లోనే ఉంటుంది. నచ్చిన సెట్ దగ్గర ఇంకో పావుగంట ఉండాలంటే మాత్రం కుదరదు, అంటే ఒంటరితనం ఇబ్బందులతో పాటు దాని లాభమూ బస్సు ఎక్కినప్పుడే పోతుంది.

చివరికి ఫోటోల సంగతి. డిస్నీలో ఫోటోపాస్ అనే పేరుతో పార్కు పెట్టిన ఫోటోగ్రాఫర్లని అడిగితే మన ఫోన్‌తోనే తీసిపెడతారు, మిగతా చోట్ల ఎవరినో ఒకరిని అడగాలి, వాళ్లు తీసినదాంట్లో వేలు అడ్డొచ్చినా థాంక్స్ చెప్పి తీసుకోవాలి. ఇక కోస్టర్ కిందకి దూకేటప్పుడు కెమెరా క్లిక్కుమని తీసే ఫోటో ఉంటుంది కదా, సింగిల్‌గా ఎక్కినవాళ్లు దాన్ని కొనరు, ఎవరో తెలియనివాళ్ల పక్కన కళ్లు మూసుకుని అరుస్తున్న ఫోటోకి అంత డబ్బు ఎందుకని. పక్క సీటు కుటుంబం మాత్రం కొంటుంది. కాబట్టి ఖమ్మంలోనో కర్నూలులోనో ఎవరింట్లోనో టీవీ పక్కన, నాన్న, ఇద్దరు పిల్లలు, వాళ్లతో పాటు నోరు తెరిచి అరుస్తున్న ఒక ముక్కూ మొహం తెలియని మనిషి.